కాంప్లెక్స్ వాక్యాలు నేర్పడానికి తెలుగు వ్యాకరణం అడ్డమా, ఆసరానా?

ఉప్పల్ ఇంగ్లిషు టీచర్:
పదో తరగతిలో కాంప్లెక్స్ వాక్యాలు, అంటే ప్రధాన వాక్యానికి ఉపవాక్యం చేరిన సంశ్లిష్ట వాక్యాలు, చెప్పేటప్పుడు తెలుగు ప్రస్తావనే తేకూడదని నా అభిప్రాయం. తెలుగులో అనుకుని ఇంగ్లిషులో రాయడం వల్లనే పిల్లలు ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ హీ కేమ్’ అని రాస్తున్నారు.

అమీర్‌పేట తెలుగు పండితుడు:
నేను ఏకీభవించలేనండీ. ‘వర్షం పడినా అతడు వచ్చాడు’ అన్న మన అప్యర్థక వాక్యంలో, అంటే ‘అయినప్పటికీ’ అన్న అర్థమిచ్చే వాక్యంలో, ‘కానీ’ ఎక్కడుంది? తన తెలుగు వాక్యాన్ని ఒక్కసారి పైకి చదువుకున్న పిల్లవాడు ‘ఆల్దో’, ‘బట్’లలో ఏదో ఒకటే రాస్తాడు.

ఉప్పల్ ఇంగ్లిషు టీచర్:
ఆ ఉదాహరణ వరకు సరే. అయితే ‘నేను చదివిన బడి’ అనుకుని ‘ద స్కూల్ విచ్ ఐ స్టడీడ్’ అని రాసి, ‘ఇన్’ వదిలేస్తున్నారే, అది అచ్చంగా తెలుగు ప్రభావమే కదండీ?

అమీర్‌పేట తెలుగు పండితుడు:
ప్రభావమే, అందుకే దాన్ని దాచకుండా నల్లబల్ల మీద విప్పి చూపాలంటున్నాను. ‘నేను చదివిన పుస్తకం’, ‘నేను చదివిన బడి’ అన్నప్పుడు రెండుచోట్లా ‘చదివిన’ అన్న రూపం ఒక్కటే కాబట్టి, పుస్తకాన్ని చదివామనీ, బడిలో చదివామనీ చెప్పే విభక్తి పైకి కనిపించదు. ‘నేను ఆ బడిలో చదివాను’ అని విడదీయించండి, ‘లో’ బయటపడుతుంది. అది ఉన్నచోట ‘ఇన్ విచ్’ గానీ ‘వేర్’ గానీ రావాలి. ‘నేను రాసిన కలం’ విడదీస్తే ‘కలంతో’ వస్తుంది, కనుక ‘విత్ విచ్’. ‘పుస్తకాన్ని’ అన్నచోట మాత్రం ఒంటరి ‘విచ్’ చాలు. ఇంగ్లిషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం 1958లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వెలసిన నగరం మనది. ఇక్కడ ఈ పోలిక చెప్పడానికి సంకోచం ఎందుకు?

పాతబస్తీ టీచర్:
మా తరగతిలో సగానికి పైగా ఉర్దూ ఇంటి పిల్లలే. మీ అప్యర్థకం వారికి ఏం తెలుస్తుంది?

అమీర్‌పేట తెలుగు పండితుడు:
వారికి ఉర్దూతోనే చెప్పండి. ‘జిస్ స్కూల్ మే’ అన్నప్పుడు ‘మే’ పైకే వినిపిస్తుంది కాబట్టి, ‘ఇన్ విచ్’ దగ్గర వారికి మన పిల్లలకన్నా సులువు.

ఉప్పల్ ఇంగ్లిషు టీచర్:
విభక్తి పద్ధతిని మా తరగతిలో తప్పక వాడతాను. కానీ ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అన్న తప్పుకు మీ పోలిక పనికిరాదు. ‘వర్షం పడితే’ అన్న చేదర్థకంలో, అంటే షరతు తెలిపే రూపంలో, కాలమే కనిపించదు. రేపటి వర్షానికైనా షరతు చెప్పేటప్పుడు ‘ఇఫ్’ తరువాత ‘రెయిన్స్’ అనే రాయాలని ఇంగ్లిషు నియమంగానే, ఇంగ్లిషు ఉదాహరణలతోనే చెప్పక తప్పదు.