కొరియాతో సుంకాల ఒప్పందం: ఉంచాలా, ఎత్తేయాలా?

లెక్కలోడు:
దక్షిణ కొరియాతో మన వాణిజ్య ఒప్పందం (సెపా) 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద ఒకరి సరుకుల మీద ఒకరు దిగుమతి సుంకాలు తగ్గించుకున్నాం, కొన్నిటి మీద ఎత్తేశాం. ఇప్పటికీ మనం అమ్మేదానికి మూడింతలు వాళ్ల దగ్గర కొంటున్నాం. మనం పంపేది నాఫ్తా (ముడి చమురు నుంచి తీసే ముడిసరుకు), అల్యూమినియం లాంటివి. తెచ్చుకునేది ఎలక్ట్రానిక్స్, ఉక్కు, కారు విడిభాగాలు. ఈ సుంకాల మినహాయింపులు ఎత్తేస్తే మనకు పోయేదేముంది?

పెనుకొండవాసి:
పోయేదేమిటో మా ఎర్రమంచికొచ్చి చూడన్నా. ఒకప్పుడు వానొస్తే వేరుశనగ, రాకపోతే బెంగళూరు బస్సు. 2017 ఏప్రిల్‌లో ఇక్కడ ఫ్యాక్టరీకి కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టుకి మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. నీ లెక్కలో ఇదెక్కడుంది?

లెక్కలోడు:
పెట్టుబడి ఊరికే పెట్టరు తమ్ముడూ. 2024 అక్టోబర్‌లో హ్యుందాయ్ ఇండియా ఐపీఓలో (మొదటిసారి షేర్లు జనానికి అమ్మినప్పుడు) 27,870 కోట్ల రూపాయలు వచ్చాయి. కొత్త షేర్ ఒక్కటీ లేదు, ఉన్న వాటానే అమ్మారు. డబ్బంతా కొరియాలోని మాతృసంస్థకే. పేరు, టెక్నాలజీ వాడుకున్నందుకు కట్టే రాయల్టీ వేరే.

చెన్నై తెలుగు:
1996లో వచ్చిన కంపెనీ 28 ఏళ్లకి తన వాటాలో కొంత అమ్ముకుంటే తప్పేంటండీ? శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీని ఎవరూ ఓడెక్కించుకుని పోలేదుగా! అసలు చిక్కు మీ లెక్కలోనే ఉంది. కొరియా నుంచి వచ్చిన విడిభాగం కొరియా ఖాతాలో దిగుమతి. దాన్ని బిగించిన కారు ఆఫ్రికాకో గల్ఫ్‌కో పోతే, ఆ ఎగుమతి కొరియా ఖాతాలో పడదు.

లెక్కలోడు:
ఈ పాయింట్ నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. కార్ల సంగతి సరే, మరి ఉక్కు? కొరియా ఉక్కు కంపెనీ పోస్కో 2005లో ఒడిశాలో 1,200 కోట్ల డాలర్ల ప్లాంటు పెడతానంది. 2017లో చేతులెత్తేసింది. ప్లాంటు రాలేదు, కొరియా ఉక్కు మాత్రం సెపా కింద మామూలు దిగుమతి సుంకం లేకుండా దిగుతోంది.

పెనుకొండవాసి:
ఒడిశాలో జనం భూములు ఇవ్వబోమన్నారు, గనుల పేచీ కూడా నడిచింది. అది సెపా తప్పు కాదు. మా బాధ వేరే. మా తమ్ముడు ఇక్కడే కియాకి విడిభాగాలు సరఫరా చేసే ఒక వెండర్ కంపెనీలో మూడేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు, పర్మినెంట్ ఊసే లేదు. అయినా విడిభాగాల మీద సుంకం వేస్తే ముందు ఆగేది వాడి షిఫ్టే. మినహాయింపు ఉంచి, ఫలానా భాగాలు ఫలానా ఏడాదికల్లా ఇక్కడే తయారవ్వాలని గడువు పెట్టమనండి.

లెక్కలోడు:
గడువు పెడితే విడిభాగాల వరకు నాకు ఓకే. 2016 నుంచి ఒప్పందం సవరణ మీద చర్చలు నడుస్తున్నాయి కాబట్టి అడగడానికి చోటుంది. ఉక్కు దగ్గర మాత్రం నా మాట మారదు.