జిన్నియా ఆకుల మీద తెల్ల పిండి, ఏం చేయాలి?

మిద్దెతోట_కూకట్‌పల్లి: డిసెంబరు వచ్చిందో లేదో, మా జిన్నియా కింది ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా వస్తోంది. ఒక కుండీలో మాత్రం గోధుమరంగు మచ్చలు. రెండూ ఒకటేనా? పీకేయాలా? చివర్లు తుంచితే కొమ్మలేస్తుందంటారు, ఎప్పుడు తుంచాలి?

పూలపిచ్చి: బూడిద తెగులు. పోయినేడు నావి 14 కుండీలు పోయాయి. ఇప్పుడు పుల్ల మజ్జిగే. లీటరు నీళ్లకు 100 మి.లీ. కలిపి కొట్టండి.

కుండీలరాజు: నేనూ కొట్టాను. మేడంతా కంపు, చీమలు. తెలుపు తెలుపే ఉంది. ఎవరు మొదలెట్టారో ఈ మజ్జిగ వైద్యం!

పూలపిచ్చి: ఉప్పేసిన మజ్జిగ కొట్టుంటారు.

కుండీలరాజు: ఆ మాత్రం తెలీదా అండీ నాకు? మీ 14 కుండీలు ఏం కొడితే పోయాయో ముందు చెప్పండి.

పూలపిచ్చి: అప్పుడు ఏమీ కొట్టలేదు కాబట్టే పోయాయి!!

నర్సరీ_22ఏళ్లు: మాది కడియం, పుట్టిందే మొక్కల మధ్య. ఈ తెగులుకు ఆకు తడవాల్సిన పనే లేదు. గాలాడకుండా కుండీలు ఇరికించి పెడితే, రాత్రి చలికి అదే వస్తుంది. మజ్జిగ మొదట్లో కొడితే కొంత నయం. ముదిరితే నీళ్లలో కలిసే గంధకం, లీటరుకు 3 గ్రాములు. ఎండలు ముదిరాక వద్దు, ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టినవాళ్లు గంధకం కొట్టడానికి రెండు వారాలు ఆగాలి.

డాలస్_పెరడు: ప్రొఫ్యూజన్ అనే జిన్నియా రకం వేశాక మాకు ఈ గొడవ బాగా తగ్గింది. పువ్వు చిన్నది, అంతే.

కుండీలరాజు: చిన్న పువ్వుకైతే చామంతి వేసుకోనా?

ఎండలమ్మ: మాకు ఏప్రిల్లో ఆకులు దుమ్ము పట్టినట్టయ్యాయి. తెల్ల కాగితం మీద దులిపితే చుక్కలు నడిచాయి. ఆకు రసం పీల్చే నల్లి! పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టాను, పోయింది.

పూలపిచ్చి: ఆకులు తడపమని చెప్తున్నారా? మచ్చలొచ్చేదే అందుకు.

ఎండలమ్మ: పొద్దున్నే కొడితే గంటలో ఆరిపోతాయమ్మా. రాత్రి ఎవరు కొట్టమన్నారు?

మిద్దెతోట_కూకట్‌పల్లి: ఇంతకీ నా మచ్చల సంగతి?

నర్సరీ_22ఏళ్లు: మచ్చ మధ్యలో బూడిదరంగు, చుట్టూ ఎరుపు ఉంటే ఆల్టర్నేరియా, అంటే వేరే బూజు వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులు. గంధకం దానికి పనిచేయదు. మచ్చల ఆకులు తుంచి చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు. ఇది విత్తనంతోనూ వస్తుంది. ఆ కుండీ విత్తనం ఎక్కడిది?

మిద్దెతోట_కూకట్‌పల్లి: పోయినేడు మొక్కకు నేనే దాచాను. దానికీ మచ్చలుండేవి, ముసలి ఆకులు కదా అనుకున్నా. మిగతా గింజలు మొన్ననే మా వదినకిచ్చాను 😐