ఆసుపత్రిలో పడక పుండ్లు నిజంగా అంత మామూలా?

ప్రశ్న:
తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న మా నాన్నగారికి, ఆసుపత్రిలో చేరిన తొమ్మిదో రోజున నడుము కింద ఎముక మీద రూపాయి బిళ్ళంత మేర చర్మం ఊడి పుండు పడింది. అడిగితే "మంచం పట్టినవాళ్ళకు ఇది మామూలేనండీ" అన్నారు. ఆసుపత్రిలో ఉన్నవారిలో నిజానికి ఎంతమందికి ఇవి వస్తాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్నాను):
2020లో వెలువడిన ఒక సమీక్ష, వివిధ దేశాల్లో జరిగిన 39 అధ్యయనాలను, అంటే 25 లక్షలకు పైగా పెద్దల వివరాలను కలిపి చూసి, ఆసుపత్రుల్లో ఉన్నవారిలో 12.8 శాతం మందికి పడక పుండ్లు ఉన్నాయని తేల్చింది. ఇందులో ఇంటి దగ్గరే పుండు పడి వచ్చినవారూ ఉంటారు. ఆసుపత్రిలో చేరాకే పుండు పడినవారు 8.4 శాతం మంది. పైగా ఆ పుండ్లలో 43.5 శాతం మొదటి దశవి, అంటే చర్మం ఇంకా చిట్లనివి. మీ నాన్నగారిది ఇప్పటికే ఆ దశ దాటింది కనుక, "మామూలే" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

రెండో సమాధానం (ఐసీయూ నర్సును):
పై లెక్క వార్డులన్నిటినీ కలిపినది. ఐసీయూల్లో పరిస్థితి వేరు: 2018 మే 15న 90 దేశాల్లోని 1,117 ఐసీయూలలో ఒకే రోజు 13,254 మందిని పరిశీలిస్తే 26.6 శాతం మందికి పుండ్లు కనిపించాయి, 16.2 శాతం మందికి ఐసీయూలోనే వచ్చాయి. రికార్డుల్లో రాసినవాటినే లెక్కించే చోట అంకె తగ్గుతుంది, ఒంటిని స్వయంగా చూసి లెక్కించే చోట పెరుగుతుంది. పుండు మొదలవుతోందనడానికి గుర్తుగా పుస్తకాల్లో చెప్పే ఎర్రదనం మన చామనఛాయ చర్మం మీద స్పష్టంగా తెలియదు. అందుకే నేను చేత్తో తాకి, చుట్టుపక్కల కన్నా వేడిగా గానీ గట్టిగా గానీ ఉందా అని చూస్తాను. తుంటి ఆపరేషన్ అయినవారిలో మడమలను మరచిపోకండి. ఎవరైనా గాలి రింగు (మధ్యలో ఖాళీ ఉండే గాలి దిండు) కొనమంటే కొనవద్దు, దాని అంచులే చర్మాన్ని నొక్కుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మడమలు తాకి చూశాము. ఎడమది కుడిదానికన్నా వెచ్చగా ఉంది, ముట్టుకుంటే ఆయన నొప్పి అంటున్నారు. వెంటనే డ్యూటీ నర్సుగారికి చూపించాము. మడమ పరుపుకు ఆనకుండా పిక్క కింద దిండు పెట్టించి, పక్కకు తిప్పిన వేళలను కాగితం మీద రాయడం మొదలుపెట్టాము.