సమస్యాపూరణం: కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను.

కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె

నియమం ఒక్కటే. పూరణలో యూరప్ చరిత్రలోని ఒక నిజమైన వ్యక్తి ఉండాలి. ధృతరాష్ట్రుణ్ణీ శుక్రాచార్యుణ్ణీ ఈ ఒక్కసారికి పక్కన పెడదాం. ఛందస్సుతో పాటు చరిత్రనూ పరీక్షిస్తాం కాబట్టి, పూరణ కింద నాలుగు మాటలు వచనంలో కూడా రాయండి.

కృష్ణాతీరం:
ఆరె గ్రుచ్చఁ గన్ను లారిపోయినవాఁడు
ఆరు చుక్కలందె యక్షరాలు
పొదిగి యంధజనులఁ బొలుపుగాఁ జదివించి
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

లూయీ బ్రెయిల్ గురించి రాశాను. 1809లో పారిస్‌కు దగ్గర్లోని కూప్వ్రే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీనులు, తోలుపట్టాలు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తండ్రి కొట్లో తోలు గుచ్చే ఆరెతో ఆడుకుంటుంటే అది కంట్లో దిగింది.

నిర్వాహకుడు:
కృష్ణాతీరం గారూ, మంచి ఎత్తుగడ. ‘ఆరె’తో మొదలుపెట్టి ‘ఆరు చుక్కల’కు రావడం చక్కగా కుదిరింది. రెండు సూచనలు. మొదటి పాదం ‘వాఁడు’తో ముగిసి రెండోది ‘ఆరు’తో మొదలైంది, అక్కడ సంధి చేయకుండా వదిలేశారు. పైగా నాలుగో పాదంలో మళ్లీ ‘వాఁడు’ ఉంది. ‘ఆరిపోయినఁ గాని / యారు చుక్కలందె’ అంటే రెండు చిక్కులూ ఒకేసారి పోతాయి.

ఇక చరిత్ర. ఆరె దిగింది ఒక కంట్లోనే. ఆ గాయం చీము పట్టి రెండో కంటికీ పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి పూర్తిగా చూపు పోయింది. మీ పద్యం రెండు కళ్లనూ ఒకేసారి తీసేసింది. పద్యంలో ఇంత క్లుప్తత తప్పదు, వచనంలో మాత్రం చెప్పాల్సిందే.

తెలివెన్నెల:
దూరదర్శి నెత్తి తొలిసారి గురు చెంత
నాల్గు చందురులను నరులు చూడఁ
జేసి, ముదిమి వేళఁ జీఁకట్లఁ గుందిన
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

గెలీలియో. 1610 జనవరిలో పాదువాలో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగు చంద్రుల్ని చూశాడు. 1633లో మత విచారణ జరిగింది, తర్వాత ఫ్లోరెన్స్ పక్కన ఆర్చెట్రిలో గృహనిర్బంధం. 1638 నాటికి రెండు కళ్లూ పోయాయి.

గోదారిగట్టు:
పద్యం బాగుందండీ. ఛందస్సులో వేలు పెట్టే చోటు లేదు. నా అభ్యంతరం వేరు. గురుగ్రహం చంద్రుల్ని చూపించేనాటికి ఆయనకు కళ్లు ఉన్నాయి కదా? కన్నులిచ్చింది ముందు, కన్ను పోయింది తర్వాత. సమస్య ‘కన్ను లేని వాఁడు ఇచ్చె’ అంటోంది. మీరు కాలాన్ని తిరగేశారు.

తెలివెన్నెల:
పూరణల్లో ఈ మాత్రం వెసులుబాటు ఉంటుందనుకున్నాను. ‘తర్వాతి రోజుల్లో కన్ను లేనివాడైన ఆ మనిషి’ అని అన్వయం చెప్పుకోవచ్చు.

నిర్వాహకుడు:
అన్వయం కుదురుతుంది. అయినా గోదారిగట్టు గారి మాటే నాకు సబబుగా తోస్తోంది. సమస్యలోని వైరుధ్యం నిలవాలంటే, ఇచ్చే సమయానికి ఆయనకు చూపు ఉండకూడదు. గెలీలియో జీవితంలో అలాంటి ఘట్టం నిజంగానే ఉంది. చలనం మీద, పదార్థాల బలం మీద ఆయన రాసిన చివరి పుస్తకాన్ని ఇటలీలో అచ్చు వేసే వీలు లేక రహస్యంగా సరిహద్దులు దాటించారు. 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అది అచ్చయింది. పుస్తకం చేతికి వచ్చేసరికి ఆయనకు చూపు లేదు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆయన ఆఖరి రోజుల పని. 1641లో, చావుకు కొన్ని నెలల ముందు, లోలకంతో గడియారం నడిపే పద్ధతి ఆలోచించి కొడుకుకూ శిష్యుడు వివియానికీ నోటితో వివరించాడు. చూపున్నవాళ్లు దాన్ని బొమ్మ గీశారు.

తెలివెన్నెల:
ఒప్పుకుంటున్నాను. ఇదిగో మరో పూరణ.

ఇంటఁ గట్టివేయ, నిరుకన్నులును బోవఁ
గదలు వస్తువులకుఁ గట్టడులను
చెప్పి, యచ్చుకంపి సీమలు దాఁటించి
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

గోదారిగట్టు:
ఇది దెబ్బకు దిగిందండీ. ‘కదలు వస్తువులకుఁ గట్టడులను’ అన్న పాదం నాకు కంఠస్థం అయిపోయింది.

పద్యాలతోట:
నేను ఛందస్సుకు కొత్త. చాలా టెన్షన్‌గా పంపుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

రాత్రి కట్టుకొన్న పద్యాలు తెలవాఱఁ
గూఁతు రొకతె వ్రాయఁ గూర్చి చెప్పి
యాంగ్లకవిత కెల్ల నంతరిక్షముఁ జూపి
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

ఇది ఆంగ్లకవి మిల్టన్ మీద. ఆయనకు 1652లో చూపు పోయింది. పదివేల పాదాలు దాటిన మహాకావ్యం ‘పారడైజ్ లాస్ట్’ ఆ తర్వాతే పూర్తయి 1667లో వచ్చింది.

నిర్వాహకుడు:
కొత్తవారి పద్యంలా లేదు. గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి మాత్రం తప్పింది. ‘రా’కూ ‘ప’కూ మైత్రి లేదు. ‘పడకమీఁదఁ గట్టు పద్యాలు’ అంటే కుదురుతుంది, అర్థం కూడా ఇంకా దగ్గరవుతుంది. మిల్టన్ రాత్రి మనసులో పాదాలు కట్టుకుని పొద్దున్నే ఎవరో ఒకరిచేత రాయించుకునేవాడు.

ఆ ‘ఎవరో ఒకరు’ దగ్గరే రెండో సవరణ. కూతుళ్లు ముందు కూర్చుని రాస్తున్నట్టు వేసిన బొమ్మలు చాలా ప్రసిద్ధం. హంగరీ చిత్రకారుడు మున్‌కాచీ 1870లలో వేసిన పెద్ద పటం వల్ల ఆ దృశ్యం జనం మనసులో పాతుకుపోయింది. నిజంగా రాసిపెట్టినవాళ్లలో శిష్యులు, మిత్రులు, మేనల్లుడు ఉన్నారు. కూతుళ్ల వంతుకు ఎక్కువగా వచ్చింది చదివి వినిపించడం, అదీ తమకు అర్థం కాని భాషల్లో. ఆ ఆడపిల్లలకు అది ఎంత విసుగైన పనో బొమ్మల్లో కనిపించదు. అందుకని ఇలా మారుద్దాం:

పడకమీఁదఁ గట్టు పద్యాలు తెలవాఱఁ
గోరి వచ్చి శిష్యకోటి వ్రాయ
నాంగ్లకవిత కెల్ల నంతరిక్షముఁ జూపి
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

ఇంకో సంగతి. 1638-39లో ఇటలీ తిరుగుతున్నప్పుడు నిర్బంధంలో ఉన్న ముసలి గెలీలియోను చూశానని మిల్టనే తర్వాత రాసుకున్నాడు. అప్పటికి మిల్టన్ కళ్లు బాగానే ఉన్నాయి. మన ఇద్దరు నాయకులూ ఒకే గదిలో కూర్చున్నారన్నమాట.

గోదారిగట్టు:
నా వంతు. గణితవేత్త ఆయిలర్ మీద.

రెండు కనులు పోయి లెక్కలే చూపుగా
మనసు పలకమీఁద మలచి మలచి
గణితశాస్త్రమునకుఁ గడలేని వెలుఁగైన
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

కుడికన్ను ముప్పై ఏళ్లకే దెబ్బతింది. 1766లో మళ్లీ సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాక రెండో కంటికి శుక్లం వచ్చింది. ఆ తర్వాత పదిహేడేళ్లు నోటితో చెప్పి రాయించాడు. 1783లో పోయిన రోజున కూడా, అప్పటికి రెండేళ్ల కిందటే బయటపడ్డ యురేనస్ కక్ష్య గురించి సహచరుడు లెక్సెల్‌తో మాట్లాడాడు.

నిర్వాహకుడు:
ఒక్క అక్షరం కూడా మార్చను. అభినందనలు.

చుక్కలదారి:
నేను పుట్టుకతో అంధుణ్ణి. అంధుల బడిలో తెలుగు చెప్తాను. ఇక్కడి పద్యాలన్నీ ఫోను చదివి వినిపించింది. అన్నీ నచ్చాయి. బ్రెయిల్ పూరణలో ‘చదివించి’ అన్న మాట ఒక్కటే నన్ను ఆపేసింది.

చదివించే ఏర్పాటు బ్రెయిల్‌కు ముందే ఉంది. 1819లో ఆయన చేరిన పారిస్ బడిలో మామూలు రోమన్ అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేసిన పుస్తకాలు ఉండేవి. పెద్దవి, బరువైనవి. పిల్లలు వాటిని తడిమి నెమ్మదిగా చదివేవాళ్లు. కానీ అలాంటి అక్షరాన్ని పిల్లవాడు తనంతట తాను రాసుకోవడం సాధ్యం కాదు. 1821లో బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల రాత పద్ధతి తెచ్చాడు. అది ఒక వేలికొన కిందికి రాదు, స్పెల్లింగూ ఉండదు. పదిహేనేళ్ల కుర్రాడు దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. వేలు ఆనిస్తే అక్షరం మొత్తం ఒక్కసారే తెలుస్తుంది.

మా పిల్లలకు నేర్పేటప్పుడు చూడండి. పలకలో దళసరి కాగితం బిగించి, గూడులో స్టైలస్‌తో గుచ్చాలి. చుక్క అవతలి వైపు లేస్తుంది కాబట్టి కుడి నుంచి ఎడమకు రాస్తారు. కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారు. ‘క’కు ఒకే నిలువు వరుసలో పైచుక్క, కిందిచుక్క. తన పేరు తానే గుచ్చుకుని, కాగితం తిప్పి, ఇంకెవరూ చెప్పకుండా తానే చదువుకున్న పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో నేను చూడలేను, గొంతులో వింటాను. తెలుగుతో సహా మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిల్ ఒప్పుకున్నది 1951లో. అది లేకపోతే నేను మాస్టారిని కాను. అందుకే నా మనవి, పద్యంలో రాత కూడా ఉండాలి.

కృష్ణాతీరం:
మాస్టారూ, మీరు చెప్పాక ఆ పాదం నాకే వెలితిగా ఉంది. నిర్వాహకుల వారే దిద్దితే బాగుంటుంది.

నిర్వాహకుడు:
చుక్కలదారి గారూ, మీ మాటతోనే పూరిస్తున్నాను.

తాను వ్రాసి తాన తడిమి చదువుకొను
స్వేచ్ఛ నంధులకునుఁ జేర్చిపెట్టి
పదునయిదవ యేఁటఁ బారిసు బడిలోనె
కన్ను లేని వాఁడు కన్ను లిచ్చె.

1840 తర్వాత ఆ బడికి వచ్చిన కొత్త అధిపతి ఈ లిపిని వద్దన్నాడు. పిల్లలు చాటుగా రాసుకుంటూనే ఉన్నారు. చదవడానికి ఉబ్బెత్తు పుస్తకాలు ఉన్నా దీన్ని వదల్లేదంటే మీరన్న కారణమే అయ్యుండాలి. బ్రెయిల్ 1852లో క్షయతో పోయాడు, ప్రభుత్వం లిపిని ఒప్పుకున్నది 1854లో. 1952లో అస్థికల్ని పారిస్‌లో దేశ ప్రముఖుల సమాధి మందిరమైన పాంథియాన్‌కు తరలించినప్పుడు చేతుల్ని మాత్రం కూప్వ్రేలోనే ఉంచేశారు.

పద్యాలతోట:
ఒక సందేహం. రెండో పాదంలో ‘స్వే’కూ ‘జే’కూ యతి ఎలా చెల్లింది?

నిర్వాహకుడు:
సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వేయవచ్చు. ఇక్కడ ‘స’ను తీసుకున్నాను. స, జ ఒకే యతివర్గం, రెండిటి మీదా ఏత్వమే. మాస్టారూ, మీ విద్యార్థులెవరైనా పూరణ పంపితే రేపు రాత్రి దాకా ఎదురుచూస్తాం.