డిప్లొమా చేసి బయోమెడికల్ సెకండియర్‌ల చేరిన పిల్లలు వెనకబడ్తున్నరు, ఏం చెయ్యాలె?

హన్మకొండ_సార్:
అందరికీ నమస్తే. నేను ఇంజినీరింగ్ కాలేజీల బయోమెడికల్ బ్రాంచికి చెప్త. ఈసారి ఈసెట్ (డిప్లొమా పిల్లలు నేరుగ సెకండియర్‌ల చేరెటందుకు రాసే పరీక్ష) మీద ఆరుగురు చేరిన్రు, ములుగు, పరకాల, నర్సంపేట దిక్కు పిల్లలు, అందరూ పాలిటెక్నిక్‌ల ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదివినోళ్లే. సోల్డరింగ్ ఐరన్ చేతికిస్తే మా రెగ్యులర్ పిల్లలకంటే మంచిగ చేస్తరు గానీ ఫిజియాలజీ క్లాసుల బయాలజీ రాక, సిగ్నల్స్ క్లాసుల ఫోరియర్, లాప్లాస్ లెక్కలు అర్థంగాక నోరు తెరుస్తలేరు. కౌన్సెలింగ్ అయి వాళ్లొచ్చేసరికే క్లాసులు మొదలైనయ్. మొదటి మిడ్ పరీక్షల నలుగురు తప్పిన్రు. నిన్న ఒక పిల్లగాడు "సార్, తప్పు బ్రాంచి తీస్కున్ననా" అని అడిగిండు, రాత్రి నిద్ర పట్టలే. ఎక్కడికెళ్లి మొదలువెట్టాలె?

ఈసెట్_బ్యాచ్:
సార్, నేను గూడ గట్లనే చేరినోన్నే, ఇప్పుడు హాస్పిటల్ల ఎక్విప్‌మెంట్ సర్వీస్ చేస్త. ఒక మాట, ఇంటర్ల ఎంపీసీ చదివినోళ్లకు గూడ బయాలజీ పదో తరగతితోనే ఆగిపోతది, అంటే అండ్ల మనోళ్లు వాళ్లకంటే మరీ అంత వెనకేం లేరు, ఇది వాళ్లకు మొదాలు చెప్పున్రి, సగం భయం అక్కడ్నే పోతది. అసలు లోటు ఫస్టియర్ మ్యాథ్స్. ఈసెట్ 200 మార్కులల్ల మ్యాథ్స్ 50 ఉంటది గానీ అది డిప్లొమా సిలబస్సే, చాలదు. రోజూ సాయంత్రం గంటసేపు, కొత్త పాఠం కాదు, వచ్చే వారం సిగ్నల్స్‌ల ఏ లెక్క వస్తదో దానికి కావాల్సిన ఇంటిగ్రేషన్ మాత్రమే చెప్పించున్రి. నాకు ఒక సీనియర్ గట్లనే చెప్పిండు, లేకుంటే నేను ఇంటికి పోయేటోన్నే.

ఇంకోటి, వాళ్లకొచ్చిన దాంతోనే బయాలజీ చెప్పున్రి. కణం పొర అంటే కెపాసిటర్, చదరపు సెంటీమీటర్‌కు దాదాపు 1 మైక్రోఫారడ్, దాని పక్కన అయాన్ చానల్స్ (పొరల అయాన్లు పోయే దారులు) రెసిస్టర్ల లెక్క, ఆర్‌సీ సర్క్యూట్ గీస్తే ఈసీఈ పిల్లగానికి వెంటనే వెలుగుతది. ఈసీజీ సిగ్నల్ దాదాపు 1 మిల్లీవోల్ట్, దాని మీద 50 హెర్ట్జ్ కరెంటు రొద వచ్చి పడ్తది, ఆ రొదను తగ్గించి చిన్న సిగ్నల్‌ను పెంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ ఎందుకు కావాల్నో వాళ్లతోనే కట్టించున్రి. రెగ్యులర్ పిల్లలతోని జంటలు చెయ్యున్రి, ల్యాబుల వీళ్లు నేర్పాలె, లెక్కలల్ల వాళ్లు నేర్పాలె.

కాజీపేట_టు_కాలిఫోర్నియా:
మా అక్క కూతురు ఇక్కడ కమ్యూనిటీ కాలేజీల రెండేండ్లు చదివి యూనివర్సిటీల బయోఇంజినీరింగ్ థర్డ్ ఇయర్‌ల చేరింది, కథ అచ్చం ఇదే. మొదటి టర్మ్‌ల మార్కులు పడిపోతే ఇక్కడ దానికి ట్రాన్స్‌ఫర్ షాక్ అని పేరే ఉన్నది, చాలామంది తర్వాత కోలుకుంటరు. కానీ ఇక్కడొక మంచి పద్ధతుంది, కమ్యూనిటీ కాలేజీల ఏ సబ్జెక్టు చదివితే యూనివర్సిటీల ఏ సబ్జెక్టుకు లెక్కకొస్తదో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌ల ముందే చూసుకోవచ్చు. కాల్‌క్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్ అన్నీ ముందే అయిపోవాలె, లేకుంటే ఆ వరుస సబ్జెక్టులన్నీ ఒక ఏడాది వెనక్కి పోతయ్. మీరు గూడ పాలిటెక్నిక్ సిలబస్ పక్కన మీ సిలబస్ పెట్టి ఏది ఉన్నది, ఏది లేదు ఒక్క కాగితం మీద రాసి, అడ్మిషన్ రోజే పిల్లల చేతిల పెట్టున్రి.

జనగామ_బయాలజీ_టీచర్:
ఆరుగుర్ల తెలుగు మీడియం పిల్లలు ఎందరు సార్? ధమని, సిర, నాడీ కణం అంటే వాళ్లకు తెల్సు, ఆర్టరీ, వెయిన్, న్యూరాన్ అంటేనే ఆగిపోతరు. రెండు భాషల్ల పదాల పట్టిక నేను రాసిస్త, ఆదివారం ఆన్‌లైన్‌ల కూసుంట, పైసలేం వద్దు.

హన్మకొండ_సార్:
ఎంపీసీ సంగతి నాకు తట్టనే లేదు, రేపే చెప్త. తెలుగు మీడియం నలుగురు టీచర్‌గారూ, తప్పినోళ్లు గూడ ఆ నలుగురే. ఆదివారం పది గంటలకైతే మీకు కుదురుతదా?