ట్రైనర్‌కి ఒక షార్ట్స్, రోడ్డుకి ఇంకో షార్ట్స్ కావాలా?

బెళ్ళందూర్_బండి:
అందరికీ నమస్తే. అడగడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది, అయినా అడుగుతున్నాను. వానలు మొదలయ్యాక ఇక్కడ బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద తొక్కే పరిస్థితి లేదు, అందుకని ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) పెట్టుకున్నాను. ఇప్పుడున్న ప్యాడెడ్ షార్ట్స్ వేసుకుని నంది కొండకి వెళ్ళి వచ్చినా ఏమీ అనిపించేది కాదు. అదే ట్రైనర్ మీద ముప్పావు గంట గడిచేసరికి కింద మంట, తొడల సందుల్లో ఒరుసుకుపోవడం, ఆ తర్వాత తిమ్మిరి. షాపులో అడిగితే ఇండోర్‌కి ఇంకా మందంగా ఉండే జెల్ ప్యాడ్ తీసుకోమన్నారు. నిజంగా ఇంటికొకటి, రోడ్డుకొకటి కొనాలా? రెండు మూడు వేలకి మించి పెట్టలేను.

నెల్లూరోడు:
లోపల ఇంకేమైనా వేసుకుంటున్నారా? ముందు అది చెప్పండి.

కొండెక్కేవాడు:
షార్ట్స్ కొనకండి. మీ సమస్య సీటుది. నంది కొండకి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. హెబ్బాళ్ దగ్గర సిగ్నల్‌లో కాలు కింద పెడతారు, గుంత వస్తే లేస్తారు, స్పీడ్ బ్రేకర్‌కి లేస్తారు, ఎక్కుడులో నిలబడి తొక్కుతారు. సైకిల్ కూడా మీ కింద అటూ ఇటూ ఊగుతుంది. ట్రైనర్ మీద ఇవేవీ లేవు. వెనక చక్రాన్నో ఇరుసునో బిగించేశాక సైకిల్ కదలదు, మీరూ కదలరు. బరువంతా ఒకే చోట, గంటసేపు. రోడ్డు మీద బయటపడని సీటు లోపం ఇంట్లో బయటపడుతుంది.

కూర్చునే ఎముకలు రెండుంటాయి. బరువు వాటి మీద పడాలి. సీటు ఇరుకైతే ఎముకలు పక్కలకి జారి, మధ్యలో మెత్తటి భాగం నొక్కుకుంటుంది. అక్కడి నరం, రక్తనాళాలు నలిగితేనే తిమ్మిరి. ఒక అట్టపెట్టె ముక్క తీసుకుని గట్టి స్టూలు మీద వేసి, కొంచెం ముందుకి వంగి కూర్చోండి. రెండు గుంతలు పడతాయి. వాటి మధ్య దూరం కొలిచి ఓ రెండు సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు దాదాపుగా తెలుస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. సీటు ఎత్తు కూడా చూసుకోండి. ఎక్కువైతే ప్రతి తొక్కుడికీ నడుము ఊగుతుంది, ఒరుసుకుపోయేది అందుకే.

బెళ్ళందూర్_బండి:
@నెల్లూరోడు లోపల ఏమీ లేదు అన్నా. అది తెలుసు.

హెచ్ఎస్ఆర్_చక్రం:
నేను లోపల వేసుకునే తొక్కుతాను. ఏళ్ళ తరబడి ఇలాగే. ఏమీ కాలేదు.

నెల్లూరోడు:
మీకు ఏమీ కాకపోవచ్చు బ్రో. ప్యాడ్‌కీ చర్మానికీ మధ్య ఇంకో కుట్టు ఎందుకు? కాటన్ చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆ కుట్టు వెంబడే ఒరుసుకుపోతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఏమీ వేసుకోకుండా తొడుక్కోవడానికే కుట్టారు.

హెచ్ఎస్ఆర్_చక్రం:
నా ఒంటికి ఏది పడుతుందో నాకు తెలుసు. శుభ్రత సంగతి కూడా ఆలోచించండి.

నెల్లూరోడు:
శుభ్రత కోసమేగా ప్రతి రైడ్ తర్వాత ఉతకాలనేది.

ఎలహంక_ఉదయం:
అసలు ప్రశ్నకి వద్దాం. @బెళ్ళందూర్_బండి గారూ, ఆ షాపు సలహా సరిగ్గా తలకిందులు. ఇండోర్‌కి మందం పెంచకూడదు, తగ్గించాలి. గదిలో ఎదురుగాలి ఉండదు, చెమట ఆరదు. జెల్ వేడిని పట్టుకుంటుంది. మందమైన మెత్తటి ప్యాడ్ తడిసిందంటే బరువెక్కుతుంది, ముడతలు పడుతుంది, ఆ ముడత మీదే మీరు కూర్చుంటారు. రోడ్డు మీద ప్యాడ్ గుంతల అదురుని ఆపాలి, గంటల తరబడి నిలబడాలి. ఇంట్లో అదురు లేదు. చెమట బయటికి పోయే పల్చటి, చిల్లులున్న ప్యాడ్ చాలు.

ఇంకో మాట. అందరూ మందం చూస్తారు, చూడాల్సింది ఫోమ్ సాంద్రత. కొన్ని కంపెనీలు ఘనపు మీటరుకి ఇన్ని కిలోలని లేబుల్ మీద వేస్తాయి. గంటా రెండు గంటల తొక్కుడుకి 60 చుట్టుపక్కల ఉన్నా నడుస్తుంది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే దూరాలకైతే 80, ఇంకా పైన 120 దాకా చూడాలి. లేబుల్ లేకపోతే ప్యాడ్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఎముక ఆనే చోట గట్టిగా నొక్కండి. అవతలి వేలు తగిలిందంటే సీటు మీద పది నిమిషాల్లో ఆ స్పాంజి అణిగిపోతుంది. ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకోవద్దు. నిలబడితే ఏ ప్యాడ్ అయినా డైపర్ కట్టుకున్నట్టే ఉంటుంది. హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి, మోకాలు ఛాతీ వైపు ఎత్తి చూడండి. ప్యాడ్ ఒంటితో పాటు కదలాలి. వదులుగా జారితే ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయండి.

అన్నిటికంటే బిబ్, అంటే భుజాల మీదికి పట్టీలుండే షార్ట్స్, మేలు. నడుము దగ్గర ఎలాస్టిక్ నొక్కదు, భుజాల పట్టీలు లాగి పట్టుకుంటాయి, ప్యాడ్ జరగదు.

కోరమంగళ_క్యాడెన్స్:
ఫ్యాన్ పెట్టండి. ఎదురుగా, పెద్దది. సగం సమస్య తీరుతుంది.

కొండెక్కేవాడు:
@ఎలహంక_ఉదయం ఘనపు మీటర్లు, లేబుళ్ళు అంటూ కొత్తవాళ్ళని హడలగొడుతున్నారు. నేను తోలు సీటు మీద మామూలు నిక్కరుతో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపల ముగించాల్సిన దూరపు రైడ్) పూర్తి చేశాను. పదమూడున్నర గంటల గడువు లోపే. ఒక్క ప్యాడ్ లేదు. సీటు సరిగ్గా ఉంటే ఒళ్ళు అలవాటు పడుతుంది. మొదట్లో అందరికీ నొప్పి ఉంటుంది, కొన్నాళ్ళు ఓర్చుకోవాలి. ప్రతిదానికీ షాపుకి పరిగెత్తితే తొక్కేదెప్పుడు?

ఎలహంక_ఉదయం:
మీరు తొక్కారు, సంతోషం. మీ ఒంటికి పట్టింది కాబట్టి అందరికీ పడుతుందని ఎలా అంటారు? తోలు సీటు మనిషి ఎముకలకి తగ్గట్టు అణగడానికి వందల కిలోమీటర్లు కావాలి. అప్పటిదాకా ఆయన్ని తిమ్మిరితో కూర్చోమంటారా?

కొండెక్కేవాడు:
నేను సీటు కొలుచుకోమన్నాను. తిమ్మిరితో కూర్చోమనలేదు. చదివి జవాబివ్వండి.

వైట్‌ఫీల్డ్_అక్క:
కొండెక్కేవాడు గారూ, ‘ఓర్చుకోవాలి’ అన్నది మీరే. నేను చదివే రాస్తున్నాను.

తొక్కడం మొదలుపెట్టిన కొత్తలో ఒక గ్రూప్ రైడ్‌లో దేవనహళ్ళి దాటాక నాకు కూర్చోవడం కష్టమైంది. గ్రూపుని నడిపించే ఆయనతో, సిగ్గు చంపుకుని, కింద ఒరుసుకుపోతోందని చెప్పాను. ‘అలవాటైపోతుంది మేడమ్, అందరికీ ఉండేదే’ అన్నారు. నేను నమ్మాను. ఆ తర్వాతి రైడ్లలోనూ నోరు మూసుకుని తొక్కాను. చివరికి అక్కడ కురుపు లేచి చీము పట్టింది. డాక్టరు దగ్గర కోయించుకుని, యాంటీబయాటిక్స్ వాడి, వారాల తరబడి సైకిల్ ముట్టుకోలేదు. ఇంట్లో మా అత్తయ్యకి ఏం చెప్పాలో కూడా తెలియలేదు.

కారణం ఏమిటంటే షాపులో నాకు అంటగట్టింది మగవాళ్ళ షార్ట్స్. ‘ఇది అందరికీ సరిపోతుంది మేడమ్’ అన్నారు. సరిపోదు. ఆడవాళ్ళకి సాధారణంగా కూర్చునే ఎముకల మధ్య దూరం ఎక్కువ కాబట్టి వాళ్ళ ప్యాడ్ వెనక వెడల్పుగా ఉంటుంది, ముందు వైపు ఆకారమూ వేరు. నేను వేసుకున్న ప్యాడ్ అంచు కుట్టు సరిగ్గా రాసుకోకూడని చోట రాసుకుంది. నాకు చెప్పినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అడిగితే ‘ఓర్చుకో’ అనడం ఈ గ్రూపుల్లో ఒక పద్ధతి అయిపోయింది. దాని వల్ల ఎంతమంది ఆడవాళ్ళు చెప్పకుండానే మానేశారో నాకు తెలుసు.

బిబ్ గురించి కూడా ఒక్క మాట. దారిలో టాయిలెట్ దొరికాక జెర్సీ విప్పి, పట్టీలు దించి, మళ్ళీ అన్నీ తొడుక్కోవాలి. ఎన్‌హెచ్ 44 పక్కన పెట్రోల్ బంకులో ఆ పని చేసి చూస్తే తెలుస్తుంది. వెనక క్లిప్పు ఊడే బిబ్‌లు ఉన్నాయి గానీ ధర ఎక్కువ. నాకైతే నడుము దగ్గర వెడల్పు పట్టీ ఉన్న మామూలు షార్ట్సే నయం.

నెల్లూరోడు:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పుండు పడితే తొక్కడం ఆపాల్సిందే. అందులో వీరత్వం లేదు.

కొండెక్కేవాడు:
అక్కా, మీకు జరిగింది చదివి బాధ కలిగింది. కానీ ఆ మాట అన్నది నేను కాదు. నా కోపం ఎక్కడుందో చెప్తాను వినండి.

మా శనివారం రైడ్‌కి ఒకబ్బాయి వచ్చేవాడు. కేఆర్ పురం వైపు రూమ్, రాత్రి షిఫ్ట్ పని, సెకండ్ హ్యాండ్ సైకిల్. కాళ్ళలో మంచి బలం. ఫుట్‌బాల్ నిక్కరు వేసుకుని వచ్చేవాడు. ఒకరోజు కాఫీ దగ్గర ఇద్దరు ముగ్గురు వాడి చుట్టూ చేరి బిబ్ కొను, ఈ ప్యాడ్ కొను, ఐదు వేలలో బాగుంటాయి, ఇది లేకుండా వంద కిలోమీటర్లు తొక్కకూడదు అని మొదలుపెట్టారు. మంచికే చెప్పారు. వాడు తలూపాడు. ఆ తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే ‘అన్నా, మీ గ్రూపు ఖర్చు నా వల్ల కాదు’ అన్నాడు. వాడి జీతంలో ఐదు వేలంటే ఏమిటో నాకు తెలుసు, నేనూ అక్కడి నుంచే వచ్చాను. అందుకే ఎవరు షార్ట్స్ అడిగినా ముందు ఖర్చు లేని దారి చెప్తాను. నిక్కరుతో తొక్కానని చెప్పేది కూడా గొప్ప కోసం కాదు, అలాంటివాళ్ళు చదువుతారని.

వైట్‌ఫీల్డ్_అక్క:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. డబ్బు గురించైతే డబ్బు గురించే మాట్లాడదాం, దానికి నొప్పిని ఓర్చుకోమనడం పరిష్కారం కాదు. ఆ అబ్బాయికి పుండు పడితే ఆస్పత్రి ఖర్చు, పోయిన జీతం షార్ట్స్ కంటే ఎక్కువవుతాయి.

తక్కువలో ఎలాగో చెప్తాను. జెర్సీ, గ్లౌజులు, కళ్ళద్దాలు అన్నీ తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఒక్క మంచి షార్ట్స్ మీద పెట్టాలి. పైన మామూలు నిక్కరు వేసుకుంటే ఎవరికీ కనపడదు, టైట్‌గా తిరగడం ఇష్టం లేనివాళ్ళకీ అదే దారి. రైడ్ అయ్యాక వాటితోనే టిఫిన్‌కి కూర్చోవద్దు. తడి ప్యాడ్‌లో కూర్చున్న ప్రతి నిమిషం సూక్ష్మక్రిములకి పండగ. ఇంటికి రాగానే తిరగేసి చల్లటి నీళ్ళలో ఉతకండి. బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనర్ వద్దు, అది చెమట పీల్చే గుణాన్ని పాడు చేస్తుంది. వాన రోజుల్లో ఇక్కడ ప్యాడ్ ఒక పట్టాన ఆరదు. పొడి టవల్‌లో చుట్టి, కింద పెట్టి కాళ్ళతో తొక్కండి, నీరంతా టవల్‌కి పోతుంది. తర్వాత ప్యాడ్ వైపు పైకి వచ్చేలా ఫ్యాన్ కింద వేస్తే తెల్లారేసరికి ఆరుతుంది. చేత్తో మెలితిప్పి పిండితే ఫోమ్ పొరలు విడిపోతాయి. అలా చూసుకుంటే ఒక్క జతతో ఏడాది పైన లాగొచ్చు.

ఎలహంక_ఉదయం:
ఒరుసుకుపోయే చోట సైకిల్ తొక్కేవాళ్ళ కోసం అమ్మే షామీ క్రీమ్ రాయండి. వాజలీన్ వద్దు, ప్యాడ్‌కి అంటుకుంటే ఉతికినా సరిగ్గా పోదు.

హెచ్ఎస్ఆర్_చక్రం:
లోపల వేసుకుంటే ప్యాడ్‌కి క్రీమ్ అంటదు కదా.

నెల్లూరోడు:
బ్రో, ప్లీజ్.

కొండెక్కేవాడు:
@బెళ్ళందూర్_బండి అట్ట మీద కూర్చుని కొలిచారా?

బెళ్ళందూర్_బండి:
ఇప్పుడే కొలిచాను అన్నా. గుంతల మధ్య పన్నెండున్నర సెంటీమీటర్లు వచ్చింది. సైకిల్‌తో పాటు వచ్చిన సీటు వెడల్పు పదమూడే. నిన్న పది నిమిషాలకోసారి అలారం పెట్టుకుని లేచి నిలబడి తొక్కాను, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. తిమ్మిరి రాలేదు. మంట మాత్రం ఉంది. నా ప్యాడ్‌ని వేళ్ళతో నొక్కి చూస్తే అవతలి వేలు తగిలింది.

కొండెక్కేవాడు:
అయితే పద్నాలుగున్నర చుట్టుపక్కల ఉన్న సీటు చూడండి. నా దగ్గర ఒకటి ఊరికే పడి ఉంది, వారం పాటు బిగించుకుని చూడండి, పడితే కొత్తది కొనుక్కోండి. షార్ట్స్ తర్వాత సంగతి.

వైట్‌ఫీల్డ్_అక్క:
సీటు తీసుకో తమ్ముడూ, మంచి మాటే. కానీ వేలు తగిలిన ప్యాడ్ మీద మాత్రం ఇంకొక్క రోజు కూడా కూర్చోకు. మూడు వేల లోపు గట్టి ఫోమ్‌ది, పల్చటిది ఒకటి తెచ్చుకో. ఇంటికీ రోడ్డుకీ ప్రస్తుతానికి అదే చాలు. కొండెక్కేవాడు గారూ, ఆ అబ్బాయి నడుము కొలత కనుక్కుని నాకు మెసేజ్ పెట్టండి.