ఇంటికి నెలకు 50 రూపాయలు వేసుకుంటే ఊరికి సొంత ఫైర్ ట్యాంకరు, వ్యాను నడుస్తాయా?

వామిదొడ్డి: మాది పలమనేరు పక్కన 240 గడప ఉన్న ఊరు. ఉగాదికి ముందు ఒకరి గడ్డివామికి నిప్పంటుకుని కొట్టం దాకా పాకింది. 101కి ఫోన్ చేస్తే వాళ్ళు వెంటనే బయల్దేరారు కానీ, ఆ దూరం, ఆ రోడ్డు తెలిసిందే కదా, వచ్చేలోపు రెండు పాడి ఆవులు పోయాయి. ఇప్పుడు కుర్రాళ్ళంతా కలిసి పాత ట్యాంకరుకి పంపు బిగించి, ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను కూడా కొందామంటున్నారు. ఇంటికి నెలకు 50. ఇది పంచాయతీ ఇంటి పన్నుతో కలిపి వసూలు చేయొచ్చా? రసీదు ఎవరి పేరుతో ఇవ్వాలి? కట్టనివాళ్ళను ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండన్నా.

చంద్రగిరి77: వ్యాను సంగతి నన్నడుగు తమ్ముడూ. మేము 2016లో కొన్నాం. డబ్బులకేం కరువు రాలేదు, గంగ జాతరకు ఇచ్చినట్టే ఇచ్చారు. ఆరు నెలలు బ్రహ్మాండంగా తిరిగింది. తర్వాత డ్రైవరు కుర్రాడికి బెంగళూరులో పని దొరికింది, పోయాడు. ఒక రాత్రి మా పిన్నమ్మకు గుండెల్లో నొప్పి అంటే పరిగెత్తి షెడ్డు తాళం తీశాం. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ లేదు. వైర్లు రెండూ చక్కగా టేపు చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి! ఎవరో ట్రాక్టరుకు వేసుకున్నారు. టమాటాల ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. బతికింది. ఎవరు తీశారో ఇప్పటికీ ఒప్పుకోలేదు.

డల్లాస్‌లో_తిరుపతోడు: ఇక్కడ అమెరికా పల్లెల్లో ఫైర్ సర్వీసు చాలావరకు వాలంటీర్లదే. కొన్నిచోట్ల ఆస్తి పన్నులో కలిపేస్తారు, కొన్నిచోట్ల ఏడాదికింత అని ఫీజు. టెనెసీలో 2010లో ఒకాయన 75 డాలర్ల ఫీజు కట్టలేదని ఆయన ఇల్లు కాలిపోతుంటే ఆర్పలేదు. ఇప్పుడే కడతానన్నా వినలేదు. పక్కాయన కట్టాడు కాబట్టి మంట అటు పాకాక ఆయన పొలం మాత్రం కాపాడారు. అందుకే కట్టనివాళ్ళ సంగతి ముందే తేల్చుకోండి.

మామిడితోట: ఛీ, అదేం పద్ధతి. మా ఊళ్ళో ఇల్లు అంటుకుంటే మనతో మాటల్లేనివాడు కూడా బిందె పట్టుకుని వస్తాడు.

లెక్కలపంతులు: బిందె ఊరికే వస్తుందమ్మా, డీజిల్ రాదు. కట్టినవాడికీ కట్టనివాడికీ ఒకేలా ఆర్పితే రెండో ఏడాది ఎవరు కడతారు? మా వీధి నీళ్ళ ప్లాంటు అలాగే మూతపడింది.

మామిడితోట: పంతులుగారూ, మా వీధిలో గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కట్టనివాడి ఇల్లు వదిలేస్తే కట్టినవాడి ఇల్లు మిగులుతుందా? మంట రసీదు చూసి ఆగుతుందా?

లెక్కలపంతులు: నేను వదిలేయమనలేదే! ఆర్పండి, తర్వాత ఖర్చు వసూలు చేయండి. నా మాట పూర్తిగా చదవండి.

మామిడితోట: కొట్టం బూడిదైనవాడి గుమ్మం దగ్గరికి బిల్లు పట్టుకుని మీరే వెళ్ళండి. నేను రాను.

పాలచీటీ: మేము ఇల్లిల్లూ తిరగడం మానేశాం. పాల కేంద్రంలోనే లీటరుకు పది పైసలు కోస్తారు. రోజుకు 900 లీటర్లు పోస్తాం కాబట్టి నెలకు 2700 దాకా వస్తుంది. ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. కాకపోతే ఆవుల్లేని ఇళ్ళవాళ్ళు పైసా ఇవ్వకుండా వ్యాను ఎక్కుతున్నారని ఇప్పుడు కొత్త తగువు. పోయిన బిల్లప్పుడు మా ఆవిడే అడిగింది, ఆవు లేనివాళ్ళకు జ్వరం రాదా అని.

517_సామాన్యుడు: వాలంటీర్లు అనకండి బాబోయ్. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం గ్రామ వాలంటీర్లని 50 ఇళ్ళకు ఒకరిని పెట్టి నెలకు 5000 ఇచ్చారు. వాళ్ళకు అప్పుడే నిప్పార్పడం నేర్పించి ఉంటే ఈ బాధ ఉండేదా?

కుప్పం_కుర్రోడు: నేను చేశాను ఆ పని. ఒకటో తేదీ తెల్లవారుజామున పింఛన్లు పంచింది మేమే. 5000కి నిప్పులో కూడా దూకాలా? మీరు దూకండి.

517_సామాన్యుడు: పింఛన్ల మాట ఎవరెత్తారు? వాలంటీరంటే జీతం లేకుండా చేసేవాడు.

మాడరేటర్: కింద నాలుగు పోస్టులు తీసేశాను. పార్టీల గొడవ వేరే చోట పెట్టుకోండి.

పాత_హోస్‌పైపు: అగ్నిమాపక శాఖలో 31 ఏళ్ళు చేశాను. ఇంతమంది ఇంత రాశారు, పంపు ఏ రకమో ఒక్కరూ అడగలేదు. కరెంటు మోటరు బిగిస్తారేమో! మంట దగ్గర మొదట చేసే పని లైన్‌మన్‌కు చెప్పి కరెంటు తీయించడం. కరెంటు పోతే మీ మోటరూ పోతుంది. డీజిల్ ఇంజను పంపు పెట్టుకోండి, లేదా ట్రాక్టరు షాఫ్టుతో తిరిగేది. ట్యాంకరు 5000 లీటర్లదైతే, నిమిషానికి 500 లీటర్లు కొట్టే పంపు పది నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. ఆ పది నిమిషాలూ వామి పైన చల్లుతూ కూర్చుంటే లాభం లేదు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూ ఉంటుంది, అర్ధరాత్రి మళ్ళీ లేస్తుంది. కొంకి కర్రలతో కసువు లాగి పరిచి, పొర పొరా తడపాలి. ఇది తెలియక ఆరిపోయిందని ఇంటికెళ్ళి పడుకున్నవాళ్ళను ఎంతమందిని చూశానో.

మామిడితోట: తోటలో మందు కొట్టే ట్రాక్టరు స్ప్రేయరు పనికిరాదా సార్? పోయిన వేసవిలో ఎండాకులు అంటుకుంటే దాంతోనే ఆర్పాం.

పాత_హోస్‌పైపు: ఎండాకులకు, గట్టు మీద గడ్డికి బాగానే పనికొస్తుంది. వామికి చాలదు. ముందు మందు డబ్బా కడిగారా లేదా?

మామిడితోట: కడగలేదు. తోటంతా వారం రోజులు కంపు.

డల్లాస్‌లో_తిరుపతోడు: 2014లో శేషాచలం అడవి తగలబడినప్పుడు హెలికాప్టర్లు నీళ్ళు పోశాయి కదా, ఊళ్ళకు కూడా అలా...

చంద్రగిరి77: బ్యాటరీకే దిక్కు లేదు, హెలికాప్టరంట.

మాజీ_కార్యదర్శి: అసలు ప్రశ్నకు వస్తాను. చట్టంలో లేని పద్దును ఇంటి పన్ను నోటీసులో కలపకూడదు. రాజ్యాంగం 265వ అధికరణం ఒప్పుకోదు, చట్టం లేకుండా పన్ను వేయకూడదు. రాజ్యాంగంలో ఫైర్ సర్వీసు ఉన్నది 12వ షెడ్యూల్లో, అంటే మునిసిపాలిటీలకు. పంచాయతీల 29 అంశాల్లో ఆ మాటే లేదు. 15వ ఆర్థిక సంఘం డబ్బులతో డ్రైవరుకు జీతం ఇద్దామనుకుంటారేమో, అన్‌టైడ్ గ్రాంటు, అంటే ఫలానా పనికే అని షరతు లేనిది కూడా, జీతాలకు వాడకూడదన్నారు. గ్రంథాలయ సెస్సు ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు వసూలు చేస్తున్నారంటే దానికి విడిగా చట్టం ఉంది. మీరు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ పెట్టుకోండి. ఏడుగురు చాలు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించండి, రసీదు సొసైటీ పేరుతో ఇవ్వండి, పన్ను అనకుండా చందా అనండి. వ్యాను మీద అంబులెన్స్ అని రాయాలంటే ఆర్టీఓ దగ్గర అలాగే రిజిస్టర్ కావాలి.

లెక్కలపంతులు: చందా అంటే ఇష్టమైతేనే ఇస్తారు. మళ్ళీ నా మాటకే వచ్చారు.

వామిదొడ్డి: కార్యదర్శిగారికి దండం. ఏడుగురు నిన్న రాత్రే దొరికారు. ప్రెసిడెంటు ఎవరనే దగ్గర మొత్తం ఆగిపోయింది. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. ఈలోపు ఎవరి దగ్గరైనా తక్కువలో వ్యాను ఉంటే చెప్పండి.

చంద్రగిరి77: మాది షెడ్డులోనే ఉంది, వచ్చి చూసుకో. టైర్లు మంచివే. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయింది. బ్యాటరీ మీరే తెచ్చుకోవాలి.